నలభై ఏళ్ళు విప్పని వాచీ

మలయ్ దేశంలో తెలుక్ ఇంటాన్ ఊరి పాత బజారులో మందుల షాపుకీ రొట్టెల షాపుకీ నడుమ ఒక ఇరుకు అరుగు ఉంది. ఆ అరుగు మీద ఒక గాజు బల్ల, ఒక ఎత్తు పీట, మెడ వంచిన దీపం, గోడకు వేలాడే నాలుగు డజన్ల వాచీ పట్టాలు. అదే నారాయణసామి కొట్టు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, సన్నగా రివటలా ఉంటాడు. కుడి కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చుంటే ఎవరొచ్చారో కూడా చూడడు, ముందు వాచీ చూస్తాడు. ఊరి గడియారపు స్తంభమే ఒక పక్కకు ఒరిగిపోయిన చోట వాచీలు బాగుచేసుకుని బతుకుతున్నాను, నాకింతకంటే ఏం గౌరవం కావాలి అని తన మీద తనే జోకులేసుకుంటాడు. జనం కూడా నవ్వుతారు. మంచివాడని పేరు.

పనిలో మాత్రం ఆషామాషీగా ఉండడు. ఏ వాచీ విప్పినా, మళ్ళీ మూసేముందు వెనక మూత లోపలి వైపు సూదితో సన్నగా ఒక గీటు గీసి, పక్కన నెలా సంవత్సరమూ గీకుతాడు. ఇది అతను కనిపెట్టిన పద్ధతేం కాదు. వాచీ పని చేసే వాళ్ళందరూ ఎప్పట్నుంచో చేసేదే. తర్వాత ఎవరు విప్పినా, ఫలానా నెలలో ఒకరు చెయ్యి పెట్టారని తెలుస్తుంది. ఇపో పట్నంలో తనకు పని నేర్పిన చీనా పెద్దాయన మొదటి రోజే చెప్పాడట, నోరు అబద్ధం చెబుతుంది గాని మూత చెప్పదని. జపాను వాచీలు, స్విస్ వాచీలు, పెళ్ళి వాచీలు, పదవీ విరమణ వాచీలు, చచ్చిపోయిన వాళ్ళ వాచీలు, ఒకటా రెండా, ఎన్ని వేల మూతలు తీశాడో లెక్కలేదు.

అలాంటివాడు ఒక్క వాచీ మూత మాత్రం నలభై ఏళ్ళుగా తియ్యలేదు. అది ఎవరిదో కాదు, కన్నతండ్రిది.

తండ్రి పేరు అప్పలసామి. ఊరికి ఆరు మైళ్ళ అవతల రబ్బరు తోటలో పాలు తీసే కూలీ. యుద్ధంలో జపానువాళ్ళు ఏలిన కాలంలో తోట నుంచి ముప్ఫై మందిని సయాంలో తెల్ల ఖైదీలతో కలిసి రైలు దారి వేసే పనికి లారీ ఎక్కించారు. నలుగురు తిరిగొచ్చారు. ఆ నలుగురిలో అప్పలసామి ఒకడు. వచ్చాడు గాని మాటలన్నీ అక్కడే పారేసి వచ్చాడు. పెళ్ళి చేసుకున్నాడు, తమిళ పిల్లను. ఇద్దరు పిల్లల్ని కన్నాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. కొన్నేళ్ళకు అతని ఎడమ చేతికి ఒక వాచీ వచ్చింది. నల్ల డయలు, తెల్ల అంకెలు, వెనక ఏవో రాతలు. సైన్యంలో వాడే పట్టాళం వాచీ అని చూసిన వాళ్ళందరికీ తెలుస్తోంది. తోట కూలీ చేతికి పట్టాళం వాచీ ఎక్కడిదని అడిగితే, తెల్లోడు ఇచ్చినాడు అనేవాడు. అంతకుమించి గొంతు పెగిలేది కాదు.

ఇక్కడ నారాయణసామి చేసిన ఘనకార్యం చెప్పాలి. అప్పటికి వాడికి తొమ్మిదేళ్ళు, 1966. తోట బడిలో గుమాస్తా కొడుకు ఒకడుండేవాడు. మా నాన వాచీ బంగారు పూతది అని రోజూ ఒకటే గొప్పలు. ఒకనాడు వీడికి చిర్రెత్తుకొచ్చింది. మా నాన వాచీ ముందు అదెంత, సయాంలో చచ్చిపోయిన దొర చేతి నుంచి ఇప్పుకొచ్చినాడు మా నాన అనేశాడు. పిల్లలంతా నోళ్ళు తెరిచారు. ఆ తెరిచిన నోళ్ళు చూసేసరికి వీడికి ఎక్కడ లేని హుషారు వచ్చింది. శవం చెయ్యి బిగుసుకుపోతే వేళ్ళు విరిచి మరీ లాగినాడు అని ఇంకో మెట్టు ఎక్కించాడు. అంతా సొంత కవిత్వం. తండ్రి ఒక్క ముక్క చెప్పింది లేదు, వీడు విన్నదీ లేదు.

వారం తిరక్కుండా ఆ మాట కూలీల లైను ఇళ్ళన్నీ చుట్టేసింది. పిల్లోడి నోట పుట్టిందన్న సంగతి దారిలోనే రాలిపోయింది. పెద్దవాళ్ళ నోట పడ్డాక అది నిజమైపోయింది. అవునవును, అప్పుడే తెచ్చి, పదేళ్ళు దాచి, తర్వాత కట్టుకున్నాడు దొంగ సచ్చినోడు అని ఒకరంటే, నేను ముందే అనుకున్నాను అని ఇంకొకరు.

అప్పటికి నారాయణసామి అక్కకు పెళ్ళి కుదిరింది. ఆమె పేరు విజయలెచ్చుమి, పంతొమ్మిదేళ్ళు. ఆమెను వీడు అప్ప అని పిలుస్తాడు. ఉత్తరాంధ్ర నుంచి ఓడెక్కి వచ్చిన తాతల నోటి మాట అది, అక్క అని అర్థం. వరుడు కువాలా సెలంగోర్ వైపు తోటలో లారీ డ్రైవరు. తాంబూలాలు కూడా పుచ్చుకున్నారు. మూడు నెలలకు వాళ్ళ నుంచి కబురొచ్చింది. పీనుగుల మీద దోచుకున్నోడి ఇంటి పిల్ల మాకొద్దు.

ఆ సాయంత్రం విజయలెచ్చుమి తండ్రి ఎదుట నిలబడి అడిగింది, ఆ వాచీ ఎక్కడిదని. తెల్లోడు ఇచ్చినాడమ్మా అన్నాడు అప్పలసామి. సచ్చినోడు ఎలాగిస్తాడు నానా అంది. ఆయన కూతురి మొహం కేసి కాసేపు చూసి, తల వంచుకుని బయటికి వెళ్ళిపోయాడు. గుమ్మంలో తొమ్మిదేళ్ళ నారాయణసామి గుడ్లప్పగించి నిలబడి ఉన్నాడు. నేనే కల్పించినాను అప్పా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. వీపు చిట్లుతుందని మింగేశాడు.

ఆ రోజు నుంచి తండ్రి పోయేదాకా, 1979 దాకా, ఒకే ఇంట్లో ఉంటూ ఆ కూతురు తండ్రితో మాట్లాడలేదు. మరి పెళ్ళీ చేసుకోలేదు. తోటలో పసిపిల్లల్ని చూసే ఆయాగా చేరింది, తర్వాత ఆసుపత్రిలో వార్డు పనికి వెళ్ళింది. తమ్ముణ్ణి ఇపో పంపి పని నేర్పించింది కూడా ఆమే. వాడికి సన్నపని చేసే వేళ్ళున్నాయి, కత్తి పట్టుకుని రబ్బరు చెట్ల చుట్టూ తిరగనివ్వను అని పంతం పట్టి పంపింది. ఆ వేళ్ళతోనే మరి అందరి వాచీలూ విప్పాడు.

తండ్రిది ఎందుకు విప్పలేదంటే, విప్పితే తేలిపోతుంది. ఆ వాచీ యుద్ధం నాటిదే అయితే తను అన్నది కల్పనైనా పొరపాటున నిజమే అన్నాడన్న మాట. తప్పు నానది. కాక తర్వాతి కాలందైతే? అక్క బతుకు బుగ్గి చేసింది తనే. విప్పనంత కాలం రెండూ సమానం. ఆ సందులో దాక్కుని నలభై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. ఎప్పుడైనా ఆ వాచీ మాట వస్తే, అంత పాతదానికి సామాన్లు దొరకవు అప్పా అని తప్పించుకునేవాడు.

మొన్న ఫిబ్రవరిలో విజయలెచ్చుమికి కంటి శుక్లాలు తీశారు. కట్టు విప్పిన నాలుగో నాడు ఇల్లంతా సర్దింది. సర్ది ఊరుకుందా, ఒక పాత మైలో పొడి డబ్బా చంకనెట్టుకుని, కారు పిలిపించుకుని, తిన్నగా తమ్ముడి కొట్టుకొచ్చి దిగింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, గొంతు మాత్రం ఇప్పటికీ వార్డు మొత్తానికి వినపడేదే.

"ఇది ఇప్పు" అంటూ డబ్బాలో నుంచి వాచీ తీసి గాజు బల్ల మీద పెట్టింది.

"అప్పా, సామాన్లు దొరకవు లా..." ఆ ఊళ్ళో ఏ మాటకైనా చివర ఒక లా తగిలిస్తారు.

"నీ సామాన్ల పాట నాకొద్దు. ఆడకపోతే మానీనీ. ఎప్పటిదో సెప్పు సాలు. సయాం రోజులదా, తరవాతదా?"

"ఇన్నేళ్ళు లేంది ఇప్పుడేటి తొందర?"

"కంటికి కొత్త అద్దం ఏసినారురా, దూలం మీద బల్లి కూడా అవుపిస్తంది. ఈ ఒక్కటి తప్ప అన్నీ అవుపిస్తన్నాయి." పీట లాక్కుని కూర్చుంది. "రేపో మాపో నేనూ ఎల్లిపోతాను. అక్కడ నానెదురొస్తే మాటాడాలా, మొకం తిప్పుకోవాలా? నాకు తెలవాల కదా."

నారాయణసామి వాచీని తన వైపు జరుపుకుని, సరే అన్నాడు. ఆమె లేచి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు రొట్టెల షాపులో ఒక బన్ను కొనుక్కుని తింటూ మరీ వెళ్ళింది. గుండె రాయి చేసుకున్న మనిషికి ఆకలేమి తక్కువ?

మర్నాడు పొద్దున్నే వాచీకి రెండు ఫోటోలు తీసి కూతురు దర్షిణికి పంపాడు. ఆ పిల్ల సైబర్‌జయలో సాఫ్ట్‌వేరు పని చేస్తుంది. తెలుగు వింటే తెలుస్తుంది గాని మాట్లాడమంటే తమిళం, ఇంగ్లీషు, మలయ్ అన్నీ కలిపి కిచిడీ చేస్తుంది. పావుగంటలో ఫోను చేసింది.

"నానా, నెట్‌లో చూసినాను. బ్రిటిష్ మిలిటరీ వాచ్ లా అది. వెనకాల బాణం గుర్తు ఉందా? గవర్నమెంటు సొత్తు అని వాళ్ళు వేస్తారంట. కింద నంబరు, నంబరు పక్కన అడ్డగీత, గీత తరవాత రెండంకెలు. ఆ రెండంకెలే సంవత్సరం."

వాచీ తిరగేసి చూశాడు. వెనక మూత అద్దంలా నున్నగా ఉంది. బాణమూ లేదు, గీతా లేదు.

ఎందుకుంటుంది? అమ్మ చేతిలో పడ్డాక ఏ రాత మిగుల్తుంది? తండ్రి పోయాక ఆవిడ ఆ వాచీని ఆయన ఫోటో కింద పెట్టింది. ప్రతి శుక్రవారం దీపపు కుందులు తోమేటప్పుడు వాటితో పాటు దీన్నీ చింతపండూ ఇటుకపొడీ వేసి తళతళా తోమేది. పాపం అక్షరం ముక్క రాదు. వెనక చెక్కిన అంకెల్లో మురికి పట్టిందనుకుని చీపురుపుల్లతో గీకి గీకి తీసేది. తోమి, కడిగి, గంధం బొట్టు, కుంకుమ బొట్టు. ఇరవై రెండేళ్ళు, ఆవిడ పోయేదాకా, ఒక్క శుక్రవారం తప్పలేదు. మొగుడి పరువు నిలబెట్టగలిగిన ఒకే ఒక్క సాక్ష్యాన్ని ఆ ఇల్లాలు భక్తిగా తన చేత్తోనే అరగదీసింది. ఎవరిని తిడతాం?

"ఏమీ కనపడటం లేదమ్మా" అన్నాడు కూతురితో. అని ఫోను పెట్టేశాక, తన గుండె తేలికపడిందని గమనించాడు. ఆ తేలికదనం చూసి తనకే ఒళ్ళు మండింది. అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంకా వీపు చిట్లుతుందని భయమా నీకు? అని తిట్టుకున్నాడు.

అరిగిన చెక్కుడును పైకి తీసుకొచ్చే ఉపాయం ఒకటి అతనికి తెలుసు. మెత్తటి పొడి ఏదైనా రుద్ది అరచేత్తో తుడిస్తే, పైన పొడి పోయి, కంటికి ఆనని పల్లాల్లో నిలుస్తుంది. చేతికందేది దేవుడి పటం ముందున్న విభూతి. చిటికెడు తీసి మూత మీద రుద్దాడు. తుడిచి, దీపం కింద వాలుగా పట్టి భూతద్దంలో చూశాడు. ముందు బాణం రెండు కాళ్ళు తేలాయి. తర్వాత ఒక బారు నంబరు, సగం సగం. తర్వాత అడ్డగీత. గీత తర్వాత మొదటి అంకె చోట చదును. అమ్మ బొటనవేలు సరిగ్గా అక్కడే ఆనించి తోమేది కాబోలు. రెండో అంకె మూడు. ఆ మూడు మాత్రం స్పష్టంగా ఉంది.

నలభై మూడా? యాభై మూడా?

నలభై మూడైతే అది తండ్రి సయాంలో ఉన్న ఏడు. నారాయణసామి విభూతి వేళ్ళతో అలాగే కూర్చుండిపోయాడు. నాలుగైతే బాగుండును అనుకున్నాడు. నాన దొంగైతే బాగుండును అని కోరుకున్నాడు. సొంత తండ్రే ఒక శవం చేతి నుంచి వాచీ ఊడబెరుక్కున్నవాడైతే బాగుండును అని. ఆ కోరిక తన లోపల్నుంచే వచ్చిందని తెలిసేసరికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ పూట కొట్టు కట్టేసి వెళ్ళిపోయాడు.

ఇంక మూత తియ్యక తప్పదు. అది తిప్పి తీసే మూత. అమ్మ కడిగిన నీళ్ళన్నీ లోపలికి దిగి మరలు తుప్పుతో కరిచిపెట్టుకుపోయాయి. బలం పెడితే విరుగుతుంది. రోజూ పొద్దున మూత అంచున నూనె చుక్క వేసి, దీపం వేడికి గంటసేపు ఉంచి, రబ్బరు బంతి నొక్కి తిప్పి చూశాడు. మూడు రోజులు ఇసుమంతైనా కదల్లేదు. నాలుగో రోజు చేతిలో చిన్న కిర్రు తెలిసింది. ఇంకో చుక్క వేశాడు. అయిదో రోజు మూత ఊడి అరచేతిలోకి వచ్చింది.

యంత్రం జోలికి పోలేదు. మూత లోపలి వైపే చూశాడు. ఇటుకపొడి చేరని చోటు అది. సన్నటి సూదిరాత ఒక్కటే ఉంది. బాణం గుర్తు, పక్కన సైన్యం వర్క్‌షాపు పొడక్షరాలు, పక్కన 3.55.

అతని కులవిద్య వాడెవడో, ముక్కూ మొహం తెలియని సిపాయి మెకానిక్కు, ఈ వాచీ విప్పి బాగుచేసి, అందరూ గీకినట్టే తనూ గీకి మూసేశాడు. 1955 మార్చి. పైన ఉన్నది నలభై మూడైనా యాభై మూడైనా ఇక ఒకటే. యుద్ధం ముగిసిన పదేళ్ళకు కూడా ఈ వాచీ పట్టాళం చేతిలోనే ఉంది. సయాంలో ఏ పీనుగు చేతికీ లేదు. అప్పలసామి ఎవరి వేళ్ళూ విరవలేదు.

భూతద్దం తీసి కళ్ళు తుడుచుకున్నాడు. మందుల షాపమ్మాయి చూసి, ఏం అంకుల్, కంట్లో నలక పడిందా అని అడిగింది. నలకేనమ్మా అన్నాడు.

ఆ తర్వాత పదిరోజులూ వాచీ మీద తప్ప మరో పని మీద మనసు పెట్టలేదు. స్ప్రింగు రెండు ముక్కలైంది. ఒక చక్రం పళ్ళు తుప్పు తినేసింది. బాగుచెయ్యమని ఇచ్చి తిరిగి రాని వాళ్ళ వాచీలు దాచిన రేకు డబ్బాలో వెతికితే, ఆ కంపెనీదే ఒక పాత యంత్రం దొరికింది. చక్రం దాంట్లోంచి తీసి వేశాడు. స్ప్రింగు ఇపో నుంచి తెప్పించాడు. అంకెల మీద చీకట్లో మెరిసే మందు పాతకాలందని, దాన్ని గీకితే ఆ పొడి ఒంటికి మంచిది కాదని తెలుసు గనక మూతికి గుడ్డ కట్టుకుని, తడిబట్ట పరుచుకుని, డయలు పక్కకు తీసి అలాగే పెట్టాడు. కొత్త రంగు వెయ్యలేదు. ముళ్ళు మార్చలేదు. అమ్మ తోమి తోమి పూత లేపేసిన అంచుల మీద పూత కూడా వేయించలేదు. నూనెలు వేసి, కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుంటే ఆడుతోంది. మూసే ముందు 3.55 కింద తన గీటు గీశాడు. పక్కన నెలా సంవత్సరమూ గీకి మూత బిగించాడు.

ఆదివారం మధ్యాహ్నం పాత కారు తీసి అక్క ఇంటికి బయల్దేరాడు. దారి పొడుగునా ఒక మాట తయారుచేసుకుంటూ పోయాడు. రాతంతా అరిగిపోయింది అప్పా, ఏమీ తేల్లేదు. ఎంత తేలిక! తప్పంతా అమ్మ చింతపండు మీదికి పోతుంది. అక్క ఏమన్నా మూత విప్పి చూస్తుందా? ఒక మలుపు దగ్గర పైకే అని చూసుకున్నాడు. వినడానికి బాగానే ఉంది. రెండో మలుపు దగ్గర మళ్ళీ అన్నాడు. అక్కడ నానెదురొస్తే మాటాడాలా, మొకం తిప్పుకోవాలా అన్న అక్క గొంతు దానికి అడ్డం పడింది. మూడోసారి అనలేకపోయాడు.

విజయలెచ్చుమి వసారాలో చాప మీద కూర్చుని ఇకన్ బిలిస్ అనే సన్న ఎండుచేపల తలలు తుంపుతోంది. పక్కన చేట, చేట పక్కన పిల్లి. తమ్ముణ్ణి చూసి తల ఎత్తకుండానే అడిగింది, "ఏటి, తేలిందా?"

"తేలింది. సయాందు కాదు అప్పా. 1955లో కూడా ఇది పట్టాళం కాడే ఉంది. లోపల రాసుంది."

తుంపే చెయ్యి ఆగింది. "యాభై అయిదా? సరిగ్గా సూసినావా?"

"చూసినాను. నా ఉద్యోగమే అది కదా."

ఆమె చేపల వంక చూస్తూ అంది, "అప్పుడు కమ్యూనిస్టుల గొడవ. మన తోట ఎనకాల గుట్ట మీద తెల్లోళ్ళ కేంపు ఉండీది. నాన పొద్దున రబ్బరు పాలు తీసి, మజ్జానం ఆళ్ళ బట్టలు ఉతకడానికెల్లీవోడు. నేనే మూట మోసినాను రా, నాకు తొమ్మిదేళ్ళు. నేను ఎల్తే ఒక ఎర్ర జుత్తు సిపాయి బిస్కత్తు ఇచ్చీవోడు. కేంపు ఎత్తేసి ఎల్లిపోయినప్పుడు ఇచ్చినారు. అంతే కదరా. తెల్లోడు ఇచ్చినాడమ్మా అన్నాడు. అంతే. ఉన్న మాటే సెప్పినాడు."

నారాయణసామి వాచీ ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"అయితే మరి సయాం అని, పీనుగని ఎవులు పుట్టించినారు ఆ మాట?"

"నేనే."

ఆమె తలెత్తింది.

"నేనే అప్పా. బడిలో గుమాస్తా కొడుకు దగ్గర గొప్పకి అన్నాను. వేళ్ళు విరిచినాడని కూడా నేనే అన్నాను. నాన నాకేటీ చెప్పలేదు. అంతా నేనే కల్పించినాను." చెప్పినంతసేపు నేల చూపులే.

తిడుతుందనుకున్నాడు. చేట విసిరికొడుతుందనుకున్నాడు. అదే జరిగితే బాగుండేది. ఆమె నెమ్మదిగా లెక్క అడిగింది.

"అప్పుడు నీకెన్నేళ్ళు?"

"తొమ్మిది."

"నేను నానని అడిగినప్పుడు నువ్వు గుమ్మంలోనే ఉన్నావు."

"ఉన్నాను."

"తొమ్మిదేళ్ళోడివి, బయపడినావు. సరే. నాన సచ్చిపోయినప్పుడు ఇరవై రెండేళ్ళోడివి. ఆ పొద్దయినా సెప్పితే ఆ మనిషి సెవిలో ఒక్క మాట ఏసీదాన్ని కదరా. మూడు దినాలు మంచం మీద ఉన్నాడు, తెలివిగానే ఉన్నాడు. నా ఏపే సూసినాడు. నేను నీళ్ళు పోసి, గుడ్డ మార్చి, నోరు మూసుకుని ఎల్లిపోయినాను."

నారాయణసామికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు. పెద్ద వయసు మగవాడి ఏడుపు చూడ్డానికి బాగుండదు. పిల్లి లేచి పోయింది.

"పెళ్ళి సంగతి కాదురా" అంది ఆమె. "ఆ లారీవోడు కాకపోతే ఇంకోడొచ్చీవోడు, నేనే ఒద్దనుకున్నాను. ఊరోళ్ళు నమ్మినారంటే పరాయోళ్ళు. నీ కూత నువ్వు కూసినావు. నాకేటి తెగులు? కన్నతండ్రి నా మొకం సూసి సెప్పినాడు, నేను నమ్మలేదు. పదమూడేళ్ళు. ఒక్క ఇంట్లో పదమూడేళ్ళు, నానా అని పిలవలేదు." చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కుమిలిపోయింది. తమ్ముడు దగ్గరికి జరగబోతే మోచేత్తో నెట్టేసింది.

కాసేపటికి లేచింది. మొహం కడుక్కుంది. చేట ఎత్తి లోపల పెట్టి, చేపల మీద మూత వేసి వచ్చింది. వాచీ సంచీలో పడేసుకుని చెప్పులేసుకుంది.

"కారు తియ్యి. నానని పాతిపెట్టిన కాడికి తీసుకెల్లు."

తోట ఇప్పుడు రబ్బరు తోట కాదు, అంతా ఆయిల్ పామ్. లైను ఇళ్ళు ఎప్పుడో కూల్చేశారు. శ్మశానం మాత్రం ముళ్ళతీగ కంచె మధ్య అలాగే ఉంది. నారాయణసామి మట్టి దారిలో కారు ఆపి, నేనూ వస్తాను, నేల జారుడుగా ఉంది అన్నాడు. అక్కర్లేదంది. గొడుగు కర్రలా ఆనించుకుంటూ ఒక్కతే వెళ్ళింది. అన్నేళ్ళ తర్వాత కూడా సమాధి వెతుక్కోలేదు, తిన్నగా దాని దగ్గరికే నడిచింది. పక్కన గట్టు మీద కూర్చుంది.

అక్కడ్నుంచి మాటలు వినపడవు. పెదాలు కదలడం, చెయ్యి తిప్పడం కనపడుతున్నాయి. ఒకసారి సంచీలోంచి వాచీ తీసి రాతికి ఎదురుగా పట్టింది. ఒకసారి నవ్వినట్టు కూడా అనిపించింది. ఎండ తాటిమట్టలంత పొడుగు ఆకుల మీంచి జారి దారి మీదికొచ్చింది. పండ్ల గెలలు వేసుకుని ట్రాక్టరు ఒకటి పోయింది. నారాయణసామి స్టీరింగు పట్టుకుని కూర్చుని, ఆమె ఏం చెబుతోందో, తన పేరు ఎక్కడొస్తుందో అని ప్రతి కదలికా చూస్తూనే ఉన్నాడు. ముప్పావుగంట పైనే అయింది.

వచ్చి కారెక్కి తలుపు వేసుకుంది. మోకాళ్ళకు ఎర్రమట్టి అంటుకుంది. మొహం తేటగా ఉంది. నారాయణసామి తాళం తిప్పాడు.

"ఎక్కడికి?" అంది.

"ఇంటికి."

"నా సంగతి నేను సెప్పుకున్నాను. నీ సంగతి సెప్పలేదు. అది నేను సెప్పీది కాదు." కిటికీ అద్దం దించి, కొంగుతో విసురుకుంటూ బయటికి చూసింది. "నువ్వెల్లి సెప్పు. నేను ఇక్కడే ఉంటాను."

నారాయణసామి ఇంజను ఆపాడు. దిగి, చెప్పులు విడిచి, కంచె దాటి లోపలికి నడిచాడు.